హోరెత్తే సంగీత వేదికలు – వినికిడి రక్షణ

స్పీకర్ల హోరుతో సాగే ప్రత్యక్ష సంగీత ప్రదర్శనల్లో శ్రోతలు, కళాకారులు, సిబ్బంది తమ చెవులను కాపాడుకోవడానికి ఉన్న పద్ధతులు, పరికరాలు, వేదిక ఏర్పాట్లు, చట్టాలు అన్నీ కలిపి ఈ వ్యాస విషయం. రాక్ కచేరీలు, క్లబ్బులు, సినిమా పాటల సంగీత విభావరులు, ఊరేగింపుల్లో తిరిగే డీజే బళ్లు దీని పరిధిలోకి వస్తాయి. మోత వల్ల శాశ్వతంగా పోయిన వినికిడిని తిరిగి తెచ్చే మందు గాని, శస్త్రచికిత్స గాని ఇంతవరకు లేదు. అయితే ఈ నష్టాన్ని ముందు జాగ్రత్తతో దాదాపు పూర్తిగా నివారించవచ్చు. 12 నుంచి 35 ఏళ్ల వయసు వారిలో వంద కోట్లకు పైగా మంది వినోదం కోసం వినే పెద్ద శబ్దాల వల్లనే ఈ ముప్పులో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

మన దగ్గర డీజేల గురించి, లౌడ్‌స్పీకర్ల గురించి చర్చ లేవగానే అది ఇరుగుపొరుగు వారి నిద్ర దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. ఆ బాధ నిజమైనదే. కానీ స్పీకరుకు ఎదురుగా నిలబడి మూడు గంటలు ఆనందంగా గంతులేసిన కుర్రవాడి చెవి సంగతి ఆ చర్చలో ఎక్కడా రాదు. ఈ వ్యాసం ప్రధానంగా ఆ చెవి గురించి.

చెవి లోపల జరిగేది

గాలిలోని కంపనాలు కర్ణభేరిని కదిలిస్తాయి. దాని వెనక ఉన్న మూడు బుల్లి ఎముకలు ఆ కదలికను లోపలి చెవికి అందిస్తాయి. అక్కడ నత్తగుల్ల ఆకారంలో సుమారు రెండున్నర చుట్లు తిరిగిన గొట్టం ఉంటుంది. దాని పేరు కర్ణావర్తం. చుట్లు విప్పి చాపితే పొడవు దాదాపు 35 మిల్లీమీటర్లు. దాని పొడవునా వరుసలు తీరి ఉన్న రోమ కణాలే కంపనాన్ని నాడీ సంకేతంగా మారుస్తాయి. ఒక్కో చెవిలో లోపలి వరుసవి సుమారు 3,500, బయటి వరుసలవి సుమారు 12,000. మెదడుకు వార్త పంపేవి ప్రధానంగా లోపలివి. బయటివి సన్నటి ధ్వనులను పెంచి, ఒక స్వరాన్ని పక్క స్వరం నుంచి విడదీసి వినిపిస్తాయి. పుట్టుకతో వచ్చినవే ఇవి. పక్షుల్లో చచ్చిన రోమ కణాల స్థానంలో కొత్తవి పుడతాయని 1980లలో కనుగొన్నారు. పాలిచ్చే జంతువులకు ఆ భాగ్యం లేదు.

కర్ణావర్తంలో ఒక్కో స్వరానికి ఒక్కో చోటు ఉంటుంది. మొదట్లో హెచ్చు స్వరాలు, కొసన తగ్గు స్వరాలు. కంపనం లోపల అలలా ఎలా ప్రయాణిస్తుందో వివరించినందుకు గేయార్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. చెవి రంధ్రం నిర్మాణం 3,000 హెర్ట్జ్ దరిదాపుల్లోని ధ్వనులను సహజంగానే పెంచుతుంది. మోత దెబ్బ మొదట 3,000 నుంచి 6,000 హెర్ట్జ్ మధ్య పడటానికి ఇది ఒక కారణం. ఇటువంటి వారి వినికిడి పరీక్ష గీతలో 4,000 హెర్ట్జ్ దగ్గర ఒక గుంట కనిపిస్తుంది.

ఈ గుంట ఏర్పడ్డ మనిషికి చాలా కాలం ఏమీ తెలియదు. అచ్చులు బలమైన, తగ్గు స్థాయి ధ్వనులు కాబట్టి మునుపటిలాగే వినబడతాయి. స, శ, త, ఫ వంటి హల్లుల్లో ఉండే సన్నటి భాగం మాత్రం జారిపోతుంది. నిశ్శబ్దమైన గదిలో ఇద్దరు మాట్లాడుకుంటే ఇబ్బంది ఉండదు. పెళ్లి భోజనాల దగ్గరో, బస్టాండులోనో ఎదుటి మనిషి పెదవుల వంక చూడాల్సి వస్తుంది. "వినబడుతోంది గాని ఏమంటున్నారో తెలియడం లేదు" అనే ఫిర్యాదుతో వీరు డాక్టరు దగ్గరకు వెళ్లేసరికి చాలా ఏళ్లు గడిచిపోయి ఉంటాయి.

కచేరీ నుంచి బయటికి రాగానే చెవులు దిబ్బడ వేసినట్టుండటం, గుయ్‌మని మోగటం చాలామందికి అనుభవమే. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది కనుక దాన్ని ఎవరూ పట్టించుకోరు. వైద్యులు కూడా చాలాకాలం దాన్ని తాత్కాలిక అలసటగానే లెక్కగట్టారు. 2009లో బోస్టన్ పరిశోధకులు షారన్ కుజావా, చార్లెస్ లిబర్మన్ చేసిన పని ఈ ధీమాను కుదిపేసింది. వారు ఎలుకలకు 100 డెసిబెల్స్ శబ్దాన్ని రెండు గంటలు వినిపించారు. కొద్ది వారాల్లో పరీక్షలో వినికిడి మామూలైంది. రోమ కణాలు బతికే ఉన్నాయి. కానీ దెబ్బతిన్న ప్రాంతంలో ఆ కణాలను శ్రవణ నాడికి కలిపే సంధుల్లో దాదాపు సగం నశించాయి. పరీక్షకు అందని ఈ లోపాన్ని ఇప్పుడు దాగిన వినికిడి లోపం అంటున్నారు. మనుషుల్లో ఇది ఎంత మేర జరుగుతుందన్న దానిపై శాస్త్రజ్ఞుల్లో ఇంకా ఏకాభిప్రాయం లేదు. అయినా "పొద్దుటికి సర్దుకుంది కదా" అన్న మాటను ఇక సాక్ష్యంగా తీసుకోలేం.

వినికిడి తగ్గడం ఒక్కటే నష్టం కాదు. చెవిలో ఎడతెగని హోరు, అంటే టినిటస్, కొందరికి నిద్రను, ఏకాగ్రతను దూరం చేస్తుంది. మరికొందరికి గిన్నె చప్పుడు, పిల్లల కేకలు కూడా భరించలేనంత తీక్షణంగా తోస్తాయి. సంగీతకారులకు అన్నిటికన్నా దారుణమైనది వేరే ఉంది. ఒకే స్వరం రెండు చెవుల్లో రెండు వేర్వేరు శ్రుతుల్లో వినబడుతుంది. శ్రుతి మీద బతికే మనిషికి అది జీవనోపాధి పోవడమే.

మోత ఎంత, ఎంతసేపు

శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. మనిషి చెవి స్వభావానికి తగ్గట్టు సవరించిన కొలతనే ఆరోగ్య నియమాల్లో ఎక్కువగా వాడతారు. ఈ కొలమానం మామూలు కూడికల లెక్క కాదు. 3 డెసిబెల్స్ పెరిగితే చెవిలో పడే శక్తి రెట్టింపు, 10 పెరిగితే పది రెట్లు. కానీ 10 పెరిగినప్పుడు మనకు "రెండింతలైంది" అని మాత్రమే అనిపిస్తుంది. ప్రమాదమంతా ఇక్కడే ఉంది. చెవి తన మీద పడుతున్న బరువును తానే తక్కువ చేసి చెబుతుంది.

అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫార్సు ప్రకారం కార్మికుడు రోజుకు 8 గంటల పాటు 85 డెసిబెల్స్ దాటిన శబ్దంలో ఉండకూడదు. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2 గంటలు, 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట, 106 దగ్గర నాలుగు నిమిషాలు కూడా లేదు. స్పీకర్లతో సాగే కచేరీల్లో సగటు 100 డెసిబెల్స్‌కు చేరడం సాధారణం. అలాంటి చోట రెండు గంటలుంటే ఎనిమిది రోజుల ఫ్యాక్టరీ మోత ఒక్క సాయంత్రంలో చెవికెక్కినట్టు లెక్క. ఈ సిఫార్సు రోజూ పనిచేసే వారి కోసం, ఒక జీవితకాలపు ఉద్యోగాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైంది. ఏడాదికి ఒక కచేరీకి వెళ్లినవాళ్లంతా చెవిటివారైపోతారని దాని అర్థం కాదు. ప్రతి శనివారం క్లబ్బుకు వెళ్లేవారు, సీజనంతా ఊరేగింపుల్లో దరువేసేవారు, సౌండ్ సిస్టం నడిపేవారు మాత్రం దాన్ని తమకోసమే రాసినట్టు భావించాలి.

పరికరం లేకుండా అంచనా వేయడానికి తేలిక మార్గం ఉంది. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే 85 దాటిందనే అనుకోవచ్చు. ఫోన్ యాప్‌లు స్థూలమైన అంచనాకు పనికొస్తాయి గాని, ఫోన్ మైకులు మరీ పెద్ద శబ్దాల దగ్గర తడబడతాయి.

సగటు స్థాయి, క్షణిక శిఖరం ఒకటి కావు. 2024 నవంబరులో హైదరాబాద్‌లో జరిగిన గాయకుడు దిల్జిత్ దోసాంజ్ కచేరీకి ముందు రంగారెడ్డి జిల్లా సంక్షేమ అధికారులు ఇచ్చిన నోటీసులో పిల్లలను వేదిక మీదికి ఎక్కించవద్దని చెబుతూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల పేరిట పెద్దలకు 140, పిల్లలకు 120 డెసిబెల్స్ అన్న హద్దులను పేర్కొన్నారు. ఒక ప్రభుత్వ పత్రం కచేరీలో పిల్లల చెవుల గురించి మాట్లాడటం మెచ్చుకోదగ్గ సంగతి. అయితే ఆ అంకెలు తుపాకీ మోత, బాణసంచా పేలుడు వంటి క్షణిక శిఖరాలకు వర్తించేవి. గంటల తరబడి సాగే సంగీతానికి అవి రక్షణ రేఖలు కావు. ఆ రేఖ వాటికి చాలా కిందనే ఉంటుంది.

మోత పెరిగిన వైనం

1965 ఆగస్టులో న్యూయార్క్‌లోని షే స్టేడియంలో బీటిల్స్ పాడినప్పుడు 55,000 మందికి పైగా వచ్చారు. వేదిక మీద 100 వాట్ల యాంప్లిఫయర్లు, స్టేడియం సొంత మైకు వ్యవస్థ తప్ప వేరే ఏర్పాటు లేదు. అభిమానుల కేకల్లో పాట మునిగిపోయింది. ఆ తర్వాతి పదేళ్లలో పరిస్థితి తలకిందులైంది. 1972లో లండన్ రెయిన్‌బో థియేటర్లో డీప్ పర్పుల్ అనే రాక్ బృందం 117 డెసిబెల్స్‌తో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. 1976 మే 31న చార్ల్‌టన్ ఫుట్‌బాల్ మైదానంలో ద హూ బృందం మోత 32 మీటర్ల దూరంలో 126 డెసిబెల్స్‌గా నమోదైంది. వినికిడికి చేటు చేసే పోటీని ప్రోత్సహించకూడదని గిన్నిస్ ఆ తర్వాత ఈ విభాగాన్నే తీసేసింది.

మోతను తెచ్చిన ఇంజినీరింగే దానికి విరుగుడూ చూపింది. ఆరుబయట ఒకచోటి నుంచి వచ్చే ధ్వని, దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పాత పద్ధతిలో వెనక వరుసకు వినబడాలంటే ముందు వరుసను బాదక తప్పేది కాదు. ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టియాన్ హైల్ 1990ల మొదట్లో తెచ్చిన లైన్ ఎర్రే వ్యవస్థలో స్పీకర్లను ఒకదాని కింద ఒకటి నిలువుగా ఎత్తున వేలాడదీస్తారు. ధ్వని దూరానికి నెమ్మదిగా తగ్గుతుంది, ముందు, వెనక వరుసల మధ్య తేడా తగ్గుతుంది. పెద్ద స్టేడియం కచేరీల్లో ఇప్పుడు ఇదే వాడుక.

మన ఊరేగింపుల డీజే బండి సరిగ్గా దీనికి వ్యతిరేకం. స్పీకర్ల గుట్టంతా మనిషి తల ఎత్తునే ఉంటుంది. ఆడేవాళ్లు దానికి రెండు మూడడుగుల దూరంలో ఉంటారు. ఇరుకు వీధిలో రెండువైపుల గోడలూ ధ్వనిని తిప్పికొడతాయి. టికెట్టు కొని స్టేడియానికి వెళ్లినవాడి కన్నా వినాయక నిమజ్జనంలో బండి వెంట నడిచినవాడికే రక్షణ తక్కువ. ఆ బండి మీద రాత్రంతా కూర్చునే ఆపరేటరు సంగతి చెప్పనక్కర్లేదు.

కళాకారుల అనుభవం

ద హూ గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ తన వినికిడి లోపం గురించి, చెవుల్లో హోరు గురించి దాపరికం లేకుండా మాట్లాడిన తొలి రాక్ ప్రముఖుల్లో ఒకడు. స్టూడియోలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని పెద్దగా వినడమే తనను ఎక్కువ దెబ్బతీసిందని ఆయన చెప్పాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో బాస్ వాద్యకారిణి క్యాథీ పెక్ తన చెవులు దెబ్బతిన్నాక 1988లో రాక్ సంగీతకారుల కోసం హియర్ అనే అవగాహన సంస్థను నెలకొల్పింది. టౌన్‌షెండ్ దానికి ఆర్థికంగా అండగా నిలిచాడు. ఏసీ/డీసీ గాయకుడు బ్రయన్ జాన్సన్ 2016లో వైద్యుల హెచ్చరికతో పర్యటన మధ్యలో తప్పుకున్నాడు. తన విషయంలో కార్ల పందేల మోతకూ పెద్ద పాత్ర ఉందని అతనే అన్నాడు. చెవి ఏ మోతనూ విడిగా చూడదు, అన్నిటినీ కలిపే లెక్కేస్తుంది.

ఇదంతా రాక్ సంగీతపు గొడవేనని అనుకోరాదు. 2012లో లండన్ రాయల్ ఆపెరా హౌస్‌లో వాగ్నర్ రచన సాధన జరుగుతుండగా వయోలా వాద్యకారుడు క్రిస్టఫర్ గోల్డ్‌షైడర్‌ను సరిగ్గా ఇత్తడి బాకాల ముందు కూర్చోబెట్టారు. అక్కడ శిఖర స్థాయి 130 దాటింది. అతని చెవులు మామూలు చప్పుళ్లను కూడా తట్టుకోలేని స్థితికి వచ్చి వృత్తే పోయింది. 2018లో లండన్ హైకోర్టు అతని పక్షాన తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది అప్పీలు కోర్టూ దాన్ని సమర్థించింది. సంగీతం కళే అయినా అది వినిపించే చోటు పని స్థలమేననీ, పనివాడి చెవికి యజమాని బాధ్యుడేననీ ఈ తీర్పు నిలబెట్టింది.

భారతదేశంలో 2024 జూన్‌లో గాయని అల్కా యాగ్నిక్ తనకు హఠాత్తుగా నాడీ సంబంధమైన వినికిడి లోపం వచ్చిందని ప్రకటించారు. ఆమె చెప్పిన కారణం వైరస్, మోత కాదు. కానీ ఆ ప్రకటనలోనే పెద్ద శబ్దంతో సంగీతం వినడం, హెడ్‌ఫోన్ల వాడకం విషయంలో జాగ్రత్తపడమని అభిమానులను, తోటి కళాకారులను కోరారు.

వేదిక మీద కళాకారులకు తమ గొంతు తమకు వినబడటానికి కాళ్ల దగ్గర పెట్టే మానిటర్ స్పీకర్లే ఒకప్పుడు పెద్ద బెడద. 1990ల నుంచి వాటి స్థానంలో చెవిలో పెట్టుకునే ఇన్-ఇయర్ మానిటర్లు వచ్చాయి. ఇవి బయటి మోతను అడ్డుకుంటాయి కాబట్టి తక్కువ వాల్యూంతోనే పని జరుగుతుంది. అయితే వాల్యూం తగ్గించుకోకపోతే ప్రయోజనం లేదు.

ఇయర్‌ప్లగ్‌లు

శ్రోత చేతిలో ఉన్న సాధనాల్లో ఇయర్‌ప్లగ్‌ను మించినది లేదు. 2015 సెప్టెంబరులో ఆమ్‌స్టర్‌డాంలో ఆరుబయట జరిగిన ఒక సంగీతోత్సవంలో 51 మందిని రెండు గుంపులుగా చేసి పరీక్షించారు. సగటు మోత 100 డెసిబెల్స్, సమయం నాలుగున్నర గంటలు. ప్లగ్‌లు లేనివారి చెవుల్లో 42 శాతానికి వినికిడి తాత్కాలికంగా తగ్గింది, ప్లగ్‌లు పెట్టుకున్నవారి చెవుల్లో 8 శాతానికే. కొత్తగా చెవుల్లో హోరు మొదలైనవారు మొదటి గుంపులో 40 శాతం, రెండో గుంపులో 12 శాతం.

మందుల దుకాణాల్లో దొరికే స్పాంజి రకం చవకైనది, మోతను బాగా ఆపుతుంది. దాని లోపం సన్నటి స్వరాలను మరీ ఎక్కువగా మింగేయడం. పాట దుప్పట్లో చుట్టినట్టు వినబడటంతో చాలామంది ఒక్క పాటకే తీసి జేబులో వేసుకుంటారు. ఈ ఇబ్బందిని తీర్చినవి 1988లో అమెరికాకు చెందిన ఎటిమోటిక్ రీసెర్చ్ సంస్థ తెచ్చిన సంగీతకారుల ప్లగ్‌లు. రంధ్రం మూసుకుపోతే చెవి సహజంగా పెంచే 3,000 హెర్ట్జ్ ప్రాంతపు స్వరాలు తగ్గిపోతాయి. ఆ లోటును లెక్కలోకి తీసుకుని, అన్ని స్వరాలనూ సమానంగా దాదాపు 15 డెసిబెల్స్ తగ్గించేలా వీటిని రూపొందించారు. పాట స్వభావం మారదు, మోత మాత్రం తగ్గుతుంది. చెవి అచ్చు తీయించి చేయించుకునేవి ఖరీదైనవి. అచ్చు అక్కర్లేని తక్కువ ధర రకాలూ ఉన్నాయి. సంగీతం మీద ప్రేమ ఉన్నవారు కొనదగినవి ఇవే. 100 డెసిబెల్స్ చోట 15 తగ్గితే 85 మిగులుతుంది, పావుగంట కాస్తా 8 గంటలవుతుంది.

స్పాంజి ప్లగ్ సరిగ్గా పెట్టుకోవడం నేర్చుకోవాలి. శుభ్రమైన వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోవాలి. సరిగ్గా కూర్చుంటే మన గొంతు మనకే బరువుగా, లోపలి నుంచి వచ్చినట్టు వినబడుతుంది. సగం బయటికి వేలాడుతుంటే పెట్టుకోనట్టే. దూది, చేతి రుమాలు ముక్క, కాగితం ఉండ చాలా కొద్దిగానే ఆపుతాయి. శబ్దాన్ని తగ్గించే మామూలు ఇయర్‌ఫోన్లలో చాలావాటికి రక్షణ పరికరాలుగా ధ్రువీకరణ ఉండదు.

మధ్యలో తీయడం వల్ల జరిగే నష్టం ఊహకు అందదు. 30 డెసిబెల్స్ ఆపగల ప్లగ్‌ను రెండు గంటల కచేరీలో 12 నిమిషాలు తీసేస్తే, మొత్తం మీద దక్కే రక్షణ 10 డెసిబెల్స్‌కు పడిపోతుంది. ఆ 12 నిమిషాల్లో పడే శక్తి మిగతా సమయమంతటి కన్నా ఎంతో ఎక్కువ. మాట్లాడాలంటే ప్లగ్ తీయకుండా స్పీకర్లకు దూరంగా వెళ్లడం మేలు. గంటకోసారి బయటికొచ్చి కాసేపు చెవులకు విశ్రాంతి ఇవ్వడం, స్పీకర్ల గుట్టలకు దూరంగా నిలబడే చోటు ముందే చూసుకోవడం ఖర్చులేని జాగ్రత్తలు.

చట్టాలు

కొన్ని ఐరోపా దేశాలు శ్రోత చెవిని నేరుగా చట్టంలోకి తెచ్చాయి. స్విట్జర్లాండ్‌లో గంట సగటు 93 డెసిబెల్స్ దాటే కార్యక్రమాన్ని ముందుగా అధికారులకు తెలపాలి, శ్రోతలకు ప్లగ్‌లు ఉచితంగా ఇవ్వాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ 100 దాటరాదు. జర్మనీ ప్రమాణంలో అరగంట సగటుకు హద్దు 99. ఫ్రాన్స్ 2017 ఉత్తర్వు పావుగంట సగటును 102కు పరిమితం చేసింది, ఆరేళ్ల లోపు పిల్లల కోసం జరిపే కార్యక్రమాల్లో 94కు. అమెరికాలో మినియాపొలిస్ నగరం 2014లో బార్లు, క్లబ్బులు ఉచితంగా ప్లగ్‌లు అందుబాటులో ఉంచాలని నియమం చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో, ప్రపంచ వినికిడి దినం సందర్భంగా, వేదికల కోసం ఒక ప్రమాణాన్ని విడుదల చేసింది. పావుగంట సగటు 100 డెసిబెల్స్ దాటకపోవడం, శిక్షణ పొందినవారు కచేరీ సాగుతుండగానే మోతను కొలవడం, హాలు ధ్వని గుణాన్ని మెరుగుపరచడం, ప్లగ్‌లు అందుబాటులో ఉంచడం, చెవులకు విశ్రాంతినిచ్చే నిశ్శబ్ద స్థలం, శ్రోతలకు సమాచారం, సిబ్బందికి శిక్షణ అందులోని అంశాలు.

భారతదేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలే ఆధారం. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు నిషేధం. ఏడాదిలో 15 రోజులకు మించకుండా సాంస్కృతిక, మతపరమైన ఉత్సవాలకు రాత్రి 12 వరకు రాష్ట్ర ప్రభుత్వం సడలించవచ్చు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. బహిరంగ స్థలపు సరిహద్దు దగ్గర లౌడ్‌స్పీకర్ల మోత ఆ ప్రాంతపు హద్దు కన్నా 10 ఎక్కువ గాని, 75 గాని, ఏది తక్కువైతే దాన్ని దాటరాదు. సుప్రీంకోర్టు 2005 జూలై తీర్పులో వీటి అమలును గట్టిగా ఆదేశించింది. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మత ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు.

వీటిలోని అంకెలన్నీ స్థలం సరిహద్దు దగ్గర, పొరుగు ఇంటి గోడ దగ్గర కొలిచేవి. సరిహద్దుకు లోపల స్పీకరు ఎదుట ఎంత మోత ఉండవచ్చన్నది ఈ నియమాలు చెప్పవు. ధ్వని బయటికి పోని ఏసీ హాల్లో 110 డెసిబెల్స్ మోగించినా వీటికి దొరకదు. కర్మాగారాల నమూనా నియమాల్లో కార్మికుడికి 8 గంటలకు 90 డెసిబెల్స్ అన్న హద్దు ఉంది. కచేరీ శ్రోతకు ఆ పాటి హద్దు కూడా లేదు. కార్యక్రమానికి అనుమతి ఇచ్చేటప్పుడు అగ్నిమాపక ఏర్పాట్లను అడిగినట్టే మిక్సర్ దగ్గర కొలత పరికరం, గేటు దగ్గర ప్లగ్‌లు ఉన్నాయా అని అడగడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఒక ప్లగ్ జత ధర మంచినీళ్ల సీసాను మించదు.

పిల్లలు, పరీక్షలు, చికిత్స

పసిపిల్లల చెవి రంధ్రంలో ప్లగ్ నిలవదు, మింగే ప్రమాదమూ ఉంది. వారికి తల మీదుగా పెట్టే ఇయర్‌మఫ్‌లే తగినవి. అవి లేకుండా పసివారిని డీజే బండి దగ్గరకు ఎత్తుకెళ్లడం మానాలి. చెవులు నొప్పిగా ఉన్నాయని చెప్పలేని వయసు వారిది. నిద్రపోతున్నంత మాత్రాన మోత తగలనట్టు కాదు.

కచేరీ తర్వాత దిబ్బడ, హోరు రెండు రోజులు దాటినా తగ్గకపోయినా, ఒక చెవి హఠాత్తుగా వినబడకపోయినా ఆలస్యం లేకుండా చెవి, ముక్కు, గొంతు వైద్యుణ్ణి కలవాలి. హఠాత్తుగా వచ్చిన వినికిడి లోపంలో స్టీరాయిడ్ చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత ప్రయోజనం, వారాలు గడిచాక అవకాశం తగ్గిపోతుంది. చెవిలో నూనె పోయడం వల్ల రోమ కణాలకు ఒరిగేదేమీ లేదు. ఎదురుచూసి పోగొట్టుకునే రోజులే నష్టం. రోమ కణాలను తిరిగి మొలిపించే మందుల కోసం అమెరికాలో ప్రయత్నాలు జరిగాయి. వాటిలో బాగా ఆశలు రేపిన ఎఫ్‌ఎక్స్-322 అనే మందు 2023లో ప్రయోగ దశలోనే విఫలమైంది.

వాద్యకారులు, బ్యాండు మేళం వారు, డీజేలు, సౌండ్ ఇంజినీర్లు వృత్తి మొదట్లోనే ఒకసారి ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేయించుకుని ఆ కాగితం దాచుకోవడం మంచిది. ఏడాదికోసారి చేయించే పరీక్షను దానితో పోల్చి చూస్తే 4,000 హెర్ట్జ్ దగ్గరి గుంట మాటలు అందకపోవడానికి ఎంతో ముందే బయటపడుతుంది. హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, విశాఖపట్నం ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం తెలుగు రాష్ట్రాల్లో వినికిడి సమస్యలను చూసే ప్రభుత్వ సంస్థల్లో ముఖ్యమైనవి.